మియాపూర్ వైపు ఒక కొత్త ఫ్లాటు: ధర చెప్పారు, నెలనెలా కట్టవలసింది చెప్పలేదు

హైదరాబాదులో మియాపూర్ వైపు, పనులు పూర్తి కావస్తున్న ఒక గేటెడ్ కమ్యూనిటీలో 1,650 చదరపు అడుగుల ఫ్లాటు చూశాం. గాలి, వెలుతురు, గోడల పనితనం బాగున్నాయి. అసంతృప్తి అంతా అమ్మకాల కార్యాలయం మీదే.

వారిచ్చిన కాస్ట్ షీటులో ధర, పార్కింగు, జీఎస్టీ, రిజిస్ట్రేషను ఖర్చు విడివిడిగా ఉన్నాయి. మెయింటెనెన్సు దగ్గర మాత్రం 'అప్పటి రేటు ప్రకారం' అని రాసి వదిలేశారు. మూడోసారి అడిగాక, నెలకు చదరపు అడుగుకు 4 రూపాయల చొప్పున రెండేళ్ల మొత్తం ముందే కట్టాలని, కార్పస్ ఫండ్ (భవనం పెద్ద ఖర్చుల కోసం దాచే నిధి) కింద అడుగుకు 75 రూపాయలు అదనమని నోటిమాటగా చెప్పారు. లెక్క వేస్తే మెయింటెనెన్సు 1,58,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 28,512, కార్పస్ 1,23,750, వెరసి 3,10,662 రూపాయలు. బ్యాంకు రుణంతో కొనేవారికి ఇంత డబ్బు తాళాలు తీసుకునే రోజున చేతి నుంచి పెట్టడం చిన్న విషయం కాదు. పైగా ఈ రేటును ఇంటి లోపల వాడుకునే కార్పెట్ ఏరియాకు కాక, మెట్లు, లాబీలలో వాటా కూడా కలిసిన సూపర్ బిల్టప్ ఏరియాకు లెక్కగడుతున్నారు.

మరి రెండేళ్ల తరువాత? దీనికి వారి దగ్గర సమాధానం లేదు. నిర్వహణ చేపట్టే ఫ్లాట్ల యజమానుల సంఘం రేటును 5.25 రూపాయలకు పెంచిందనుకుందాం: నెలకు 8,662 రూపాయలు దాటుతుంది. ఏడాది రాబడి 20 లక్షలు మించిన సంఘానికి ఒక్కో సభ్యుడు కట్టేదానిపై నెలకు 7,500 రూపాయల వరకే జీఎస్టీ మినహాయింపు ఉంది. అది దాటితే మొత్తం మీదా పన్ను పడుతుందని కేంద్రం 2019 జూలైలో వివరణ ఇచ్చింది. అంటే సంఘానికి 4 రూపాయల రేటున 6,600 కట్టే ఇల్లు 10,200 పైన కట్టవలసి వస్తుంది. ఈఎంఐ దీనికి అదనం.

అదే వారం దగ్గరలోని ఒక పాత సముదాయంలో రీసేల్ ఫ్లాటు చూడబోతే, అక్కడి సంఘం కోశాధికారి అడగగానే జమాఖర్చుల పుస్తకం తెరిచారు. ఏప్రిల్, మే నెలల ట్యాంకరు బిల్లులు, లిఫ్టుల ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం), జనరేటరు డీజిలు, మురుగునీటి శుద్ధి ప్లాంటు ఖర్చు, కార్పస్ మీద వచ్చిన వడ్డీ, బాకీపడిన ఫ్లాట్ల సంఖ్య అన్నీ అందులో ఉన్నాయి. బోర్లు ఎండే వేసవి లెక్క చూస్తే ఆ భవనం అసలు ఖర్చు తెలుస్తుందని ఆయన చెప్పిన మాట నాకు ఎంతో ఉపయోగపడింది. అమ్మే యజమాని నుంచి సంఘానికి బాకీ లేదని చెప్పే నో డ్యూస్ పత్రం తీసుకోమని, పీటీఐ నంబరుతో (ఆస్తి పన్ను గుర్తింపు సంఖ్య) ఆస్తి పన్ను బకాయి చూసుకోమని కూడా ఆయనే సూచించారు.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 11వ సెక్షను ప్రకారం, సంఘం బాధ్యత తీసుకునే వరకు అత్యావశ్యక సేవలను సమంజసమైన రుసుముకు నడపవలసింది బిల్డరే. కాబట్టి ఆ రుసుము ఎంతో, ఎప్పటి నుంచి మొదలవుతుందో, మిగిలిన కార్పస్ సంఘానికి ఎప్పుడు బదిలీ అవుతుందో అమ్మకపు ఒప్పందంలోనే రాసి ఇమ్మని కోరాం.

ఫ్లాటుకు అయిదింటికి నాలుగు, అమ్మకాల కార్యాలయానికి ఒకటిన్నర ఇస్తున్నాను. ఆ మూడు వాక్యాలు కాగితం మీదకు వచ్చే వరకు మేము బుకింగ్ చెక్కు ఇవ్వడం లేదు.