కోఠి జిరాక్స్ షాపుల ఎలక్ట్రోకెమిస్ట్రీ ఫార్ములా షీటు: కొనొచ్చు, దిద్దుకుంటేనే

పరీక్షలు దగ్గర పడ్డాయంటే కోఠి, దిల్‌సుఖ్‌నగర్ జిరాక్స్ షాపుల ముందు లామినేషన్ చేసిన ఫార్ములా షీట్లు వేలాడుతుంటాయి. వాటిలో ఎలక్ట్రోకెమిస్ట్రీ (రసాయన చర్యలకూ విద్యుత్తుకూ ఉన్న సంబంధం చెప్పే పాఠం) షీటు సంగతి ఇది. రెండు వైపులా అచ్చయిన ఒకే కాగితం, రాసినవాళ్ల పేరుండదు. ఇంటర్ సెకండియర్‌కి కావలసిన ఫార్ములాలన్నీ ఉన్నాయి, అందుకు మెచ్చుకోవాలి. పాఠం వచ్చినవాళ్లు పరీక్ష ముందు రోజు తిరగేయడానికి బాగా పనికొస్తుంది. పాఠం రానివాళ్లను మాత్రం ముంచుతుంది. ఏ ఫార్ములా ఏ షరతు మీద నిలబడుతుందో ఎక్కడా చెప్పలేదు మరి.

ముందు అచ్చు గురించి. జిరాక్స్ మీద జిరాక్స్ తీస్తూ పోతే మొదట ఎగిరిపోయేది మైనస్ గుర్తు. జింక్ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ −0.76 వోల్టులని ఉండాల్సిన చోట ఉత్త 0.76 కనిపిస్తుంది. పక్కనే ‘కాథోడ్ మైనస్ ఆనోడ్’ అని ఉంది కదా అని కాపర్ విలువ 0.34 లోంచి 0.76 తీసేస్తే డేనియల్ సెల్‌కి, అంటే జింక్–కాపర్ సెల్‌కి, −0.42 వోల్టులు వస్తుంది. అంటే ఆ సెల్ తనంతట తాను నడవదన్నమాట. 1836 నుంచి నడుస్తున్న సెల్ అది! రావాల్సింది 1.10. అలాగే ‘ఈ’ నెత్తిమీది చిన్న సున్నా కూడా చెరిగిపోయి, ‘ఈ’కీ (సెల్ పొటెన్షియల్) ‘ఈ నాట్’కీ (ప్రమాణ పొటెన్షియల్) తేడా తెలియకుండా పోయింది. సమతాస్థితిలో సున్నా అయ్యేది సెల్ పొటెన్షియల్ ఒక్కటే. ప్రమాణ పొటెన్షియల్ అలాగే ఉంటుంది, సమతాస్థితి స్థిరాంకం దాన్నుంచే వస్తుంది. ఆ స్థిరాంకాన్ని కే అంటారు; డేనియల్ సెల్‌కి లాగ్ కే విలువ 2 × 1.10 / 0.0591, అంటే 37.2. రెండు ‘ఈ’లూ ఒకటే అనుకుంటే ఈ లెక్క మొదలే కాదు.

అబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాలతో షీటును సరిచూసుకునేవాళ్లకు ఇంకో చిక్కుంది. క్షయకరణ (ఎలక్ట్రాన్లు తీసుకునే) పొటెన్షియల్ గుర్తునే ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌కి వాడాలని రసాయన శాస్త్రపు అంతర్జాతీయ సంఘం ఐయూపీఏసీ ఖాయం చేసింది 1953లో, స్టాక్‌హోమ్‌లో. పాత అమెరికన్ పద్ధతిలో రాసిన పుస్తకంలో జింక్‌కి +0.76 ఉంటే అది తప్పు కాదు, ఆక్సీకరణ (ఎలక్ట్రాన్లు వదిలే) పొటెన్షియల్. ఒక లెక్కలో రెండు పట్టికలు మాత్రం కలపకూడదు.

నెర్నస్ట్ సమీకరణాన్ని ఎర్ర గడిలో పెట్టి ప్రాధాన్యం ఇచ్చారు, బాగుంది. ఈ = ఈ నాట్ − (0.0591/ఎన్) లాగ్ క్యూ. ఎన్ అంటే చర్యలో చేతులు మారే ఎలక్ట్రాన్ల సంఖ్య. అయితే ఈ 0.0591 అనేది 298 కెల్విన్ దగ్గరే. మే నెలలో 40 డిగ్రీలుండే మన ల్యాబుల్లో అది 0.0621 అవుతుంది. ప్రశ్నలో వేరే ఉష్ణోగ్రత ఇచ్చారంటే 2.303 ఆర్‌టీ/ఎఫ్ (ఆర్ వాయు స్థిరాంకం, టీ కెల్విన్లలో ఉష్ణోగ్రత, ఎఫ్ ఫారడే స్థిరాంకం) నుంచి మొదలుపెట్టాల్సిందే. క్యూ గురించి ‘ఉత్పన్నాలు బై క్రియాజనకాలు’ అని ఒక ముక్కతో సరిపెట్టారు. ఘనపదార్థాలు అందులోకి రావనీ, సమీకరణంలోని గుణకాలు ఘాతాలవుతాయనీ రాయలేదు. మార్కులు పోయేది సరిగ్గా ఇక్కడే. కాపర్–సిల్వర్ సెల్ తీసుకోండి: ఈ నాట్ 0.46, కాపర్ అయాన్ 1 మోలార్, సిల్వర్ అయాన్ 0.01 మోలార్. సిల్వర్ గాఢతకు వర్గం ఉంది కాబట్టి క్యూ 10,000, లాగ్ 4, జవాబు 0.342 వోల్టులు. వర్గం మరిస్తే 0.401 వస్తుంది. ఆ 0.401 కూడా ఆప్షన్లలో ఉంటుంది, పేపర్ సెట్ చేసేవాళ్లు అంత అమాయకులు కారు.

షీటులో అసలు లేనిది ఒకటుంది: పొటెన్షియళ్లను నేరుగా కూడకూడదన్న హెచ్చరిక. ఫెర్రిక్ (3+ ఇనుము అయాన్) నుంచి ఫెర్రస్‌కి (2+ అయాన్) 0.77, ఫెర్రస్ నుంచి ఇనుముకి −0.44. ఫెర్రిక్ నుంచి ఇనుముకి ఎంత అంటే చాలామంది 0.33 అనేస్తారు. కూడాల్సింది డెల్టా జీని (స్వేచ్ఛాశక్తి మార్పుని), అంటే −ఎన్ఎఫ్ఈని. (1 × 0.77 − 2 × 0.44) / 3 చేస్తే −0.037 వస్తుంది. గుర్తే మారిపోయింది చూడండి. షీటు అంచున ఈ లెక్క ఒక్కటి రాసుకున్నా పెట్టిన డబ్బు గిట్టుబాటే.

వెనక వైపు వాహకత్వం భాగం అన్నిటికంటే బలహీనం. మోలార్ వాహకత్వానికి ఒకచోట కప్పా × 1000 / ఎం అని, నాలుగు లైన్ల కింద కప్పా / 1000 ఎం అని ఉంది (కప్పా విశిష్ట వాహకత్వం, ఎం మోలార్ గాఢత), రెండింటికీ యూనిట్లు లేవు. నిజానికి రెండూ కరెక్టే. కప్పా సెంటీమీటరుకి ఇన్ని సీమెన్లని ఉంటే మొదటిది, మీటరుకి అని ఉంటే రెండోది. 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌కి కప్పా సెంటీమీటరుకి 0.0129 సీమెన్లు. మొదటి ఫార్ములాలో వేస్తే 129 వస్తుంది. అదే సంఖ్యను రెండోదాంట్లో వేస్తే జవాబు పది లక్షల వంతుకు పడిపోతుంది. కోల్‌రాష్ నియమానికి ఎసిటిక్ ఆమ్లం ఉదాహరణ ఇవ్వడం మంచి పని. అనంత విలీనతలో (గాఢత సున్నాకు చేరినప్పటి) మోలార్ వాహకత్వాలు హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి, సోడియం ఎసిటేట్‌కి కూడి, సోడియం క్లోరైడ్‌ది తీసేస్తారు: 425.9 + 91.0 − 126.4 = 390.5. బలహీన ఆమ్లానికి గ్రాఫు పొడిగించి ఆ అనంత విలీనత విలువ రాబట్టలేం కాబట్టే ఈ చుట్టుదారి అని ఒక వాక్యం వేసి ఉంటే ఇంకా బాగుండేది.

ఎంత కరెంటు పంపితే ఎంత లోహం పేరుకుంటుందో చెప్పే ఫారడే నియమాల్లో వంక పెట్టడానికేం లేదు. నిమిషాలను సెకన్లు చేసుకోవడం, ఎన్‌తో భాగించడం మరవకపోతే చాలు. 2 ఆంపియర్లు అరగంట పంపితే 3600 కూలుంబులు, కాపర్ 1.18 గ్రాములు, సిల్వర్ 4.03 గ్రాములు. బ్యాటరీల పట్టిక మామూలుగా ఉంది.

ఇవన్నీ రాసుకుందామంటే లామినేషన్ మీద బాల్‌పెన్ను పడదు. కాబట్టి ఉత్త కాపీ అడగండి. మైనస్‌లు, చిన్న సున్నాలు, యూనిట్లు ఎర్ర ఇంకుతో దిద్దుకుని, ఆరాక అదే షాపులో లామినేషన్ వేయించుకోండి. జెల్ పెన్ను వద్దు, మరక పడొచ్చు.