క్లస్టర్ తలనొప్పికి సంచి మాస్కు: కొన్నేళ్లు వాడాక

క్లస్టర్ తలనొప్పికి ఆక్సిజన్ పీల్చాలని, సిలిండర్ గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. దాని చివర తగిలించే మాస్కు గురించి ఎవరూ నోరు విప్పరు. నన్నడిగితే సగం పని చేసేది ఆ మాస్కే. కింద ప్లాస్టిక్ సంచి వేలాడుతుంటుందే, ఆ రకం. సర్జికల్ షాపులో నాన్ రీబ్రీదర్ అని అడిగితే ఇస్తారు. నాది వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దగ్గర కొన్నదే, కొన్ని వందల్లో అయిపోయింది.

ఈ నొప్పి ఎట్లుంటుందో వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు, రానివాళ్లకు చెప్పినా నమ్మరు. నాకు కుడి కన్ను వెనక వస్తుంది. మిర్చి సీజన్‌లో మొదలై, కొన్ని వారాలు సతాయించి, దానంతటదే మాయమవుతుంది. మిర్చి అమ్మే ఎనుమాముల మార్కెట్లో గుమాస్తా పని నాది. పగటిపూట ఎప్పుడైనా పట్టుకుంటే కుడి కన్ను ఎర్రబడి నీళ్లు కారేవి, ఆ పక్క ముక్కు దిబ్బడ వేసేది. "ఘాటు పట్టింది, పోయి మొఖం కడుక్కోరాదే" అనేవాళ్లు. ఘాటు ఒక్క కన్నుకే ఎట్ల పడుతుందని ఒక్కరికీ అనుమానం రాలేదు! అసలు దాడి మాత్రం రాత్రిదే. పడుకున్న గంటా గంటన్నరకు, ఇంచుమించు అదే టైముకు లేపుతుంది.

మందుల మీద కోపంతో ఈ దారి పట్టలేదు. నా గుండెలో స్టెంట్ ఉంది. ఈ నొప్పిని ఆపే సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ రక్తనాళాలను కుదిస్తుంది కాబట్టి నాకు వద్దే వద్దన్నారు. నొప్పి రాకుండా వాడే వెరాపమిల్ మాత్ర ఇద్దామంటే, అప్పటికే వాడుతున్న బీపీ మాత్రతో కలిసి గుండె వేగాన్ని మరీ తగ్గిస్తుందన్నారు. స్కానింగ్ తీయించి, ఇంకే తేడా లేదని తేల్చుకున్నాకే న్యూరాలజిస్టు ఆక్సిజన్ రాసిచ్చారు. ఆయన లెక్కలో అదీ మందే, చీటీ లేకుండా తెచ్చుకునేది కాదు. లండన్ వైద్యులు 2009లో ప్రచురించిన పరీక్ష గురించి కూడా ఆయనే చెప్పారు. నిమిషానికి 12 లీటర్ల చొప్పున ఆక్సిజన్ పీలిస్తే, పావుగంటలో నొప్పి పోవడమో బాగా తగ్గడమో జరిగింది 78 శాతం దాడుల్లోనట. మామూలు గాలి పీల్చినప్పుడు అది 20 శాతమే.

ఇక మాస్కు సంగతి. నొప్పిలో ఉన్న మనిషి గాలి గబగబా, నిండుగా లాగుతాడు. మామూలు మాస్కులో ఆ వేగానికి సిలిండర్ గాలి చాలదు, మిగతాది గదిలోంచి వచ్చి కలుస్తుంది. సంచి మాస్కులో మనం ఊపిరి వదిలేటప్పుడు ఆక్సిజన్ సంచిలో నిలవ అవుతుంది, లాగేటప్పుడు అదంతా ఒక్కసారే వస్తుంది. ఒక్క విషయం చూసి కొనండి. మాస్కుకు రెండు పక్కలా చిల్లులుంటాయి, చాలా వాటిలో ఒక పక్కే పల్చటి రబ్బరు బిళ్ల ఉంటుంది. బిళ్ల లేని పక్కనుంచి గదిగాలి దూరుతుంది. నేను లాగేటప్పుడు ఆ చిల్లులు బొటనవేలితో మూసి, వదిలేటప్పుడు తీస్తాను. తలకు కట్టే ఎలాస్టిక్ పీకేశాను. చేత్తోనే అదిమి పట్టుకుంటే, కునుకు పట్టినా మాస్కు దానంతటదే జారిపోతుంది. ముందు సంచి నిండనిచ్చి, మంచం అంచున ముందుకు వంగి కూర్చుని పీలుస్తాను. మొదటిసారి ఇట్ల చేసిన రాత్రి, టీ కాచుకునేంత సేపట్లో కన్ను వెనక బిగింపు వదిలేసింది. మా ఆవిడ నమ్మలేక "నిజంగనే తగ్గిందా?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

కరోనా రెండో వేవ్‌లో చాలా ఇళ్లలో కొన్న కాన్సన్‌ట్రేటర్, అంటే గదిగాలి నుంచి ఆక్సిజన్ తీసి నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే మిషన్, చుట్టాలింట్లో మూలన పడి ఉంటే, అదీ తెచ్చి చూశాను. సంచి నిండనే నిండదు, ఒక్క గుక్కకే ముడుచుకుపోతుంది. వేరే జబ్బులకు మంచిదేమో, దీనికి మాత్రం దండగ.

చెడ్డ రాత్రి గురించి కూడా చెప్పాలి. సీజన్ నడుస్తుండగానే పరకాల దగ్గర మా అక్కవాళ్ల ఊళ్లో పెళ్లి పడింది. బయల్దేరే రోజు పొద్దున డీలర్ దగ్గరి కుర్రాడు ఖాళీ సిలిండర్ విప్పి, నిండుది బిగించి పోయాడు. దాన్నే వెంట తీసుకుపోయాను. రాత్రి ఒంటిగంటకు నొప్పి లేచింది. సిలిండర్ తెరిచే తాళం తిప్పితే రెగ్యులేటర్ మెడ దగ్గర బుస్సుమని లీకు. సంచి ఉబ్బడం లేదు. విప్పి చూస్తే, రెగ్యులేటర్ ముక్కు మీద ఉండాల్సిన చిన్న వాషరు లేదు. పాత సిలిండర్ నోట్లోనే ఇరుక్కుని దాంతోపాటే వెళ్లిపోయింది. మా మేనల్లుడు మోటార్లు రిపేరు చేస్తాడు, వెంటనే పాన పట్టుకొచ్చాడు. "మామా, జర గ్రీజు రాసి బిగిస్తే పడ్తది" అన్నాడు. ఆ నొప్పిలోనూ వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాను. అంత ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే భగ్గుమంటుంది. "తమ్మీ, దవాఖానకు పోదామా?" అని అక్క ఏడుపు గొంతుతో అడిగింది. కారు పెళ్లివాళ్ల కోసం హన్మకొండ పోయింది. పెళ్లి పందిరి కింద ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను, చల్లటి నీళ్ల బాటిల్ కంటికి అదుముకున్నాను, గుంజను తలతో గుద్దాను. చివరికి ఎప్పటికో దాని టైము అయ్యాక అదే పోయింది. మర్నాడు డీలర్‌కు ఫోన్ చేస్తే "అట్ల ఎప్పుడూ కాలేదు సార్" అన్నాడు. రెండు రూపాయల వాషరుకు ఆ మాట సరిపోతుందా? ఇప్పుడు దీనికి సరిపడే వాషర్లు రెండు, తాళంతో పాటు సిలిండర్ మెడకే కట్టి ఉంచుతాను. కుర్రాడు గేటు దాటకముందే ఒకసారి తిప్పి చూసుకుంటాను.

టీ కాచుకునేంత సేపు అన్నాను కదా, అది నొప్పి మొదలైన వెంటనే పట్టుకుంటేనే. కాసేపు చూద్దామని పడుకుంటే అరగంట పీల్చినా మొండికేస్తుంది. కొన్ని రాత్రులు తగ్గినట్టే తగ్గి తెల్లవారుజామున మళ్లీ వస్తుంది. సీజన్‌ను ఇది ఒక్కరోజు కూడా తగ్గించదు, ఆ రాత్రి గట్టెక్కిస్తుంది అంతే. ఆ వారాల్లో సగం గ్లాసు కల్లు తాగినా గంటలోపే నొప్పి దిగుతుంది, దానికి మాస్కు ఏం చేస్తుంది? దావత్‌లలో గ్లాసు బోర్లించి కూర్చుంటున్నాను. సీజన్ దాటాక అదే కల్లు ఏమీ అనదు, అదో వింత.

ఖర్చు సంగతి మీరే లెక్క వేసుకోండి. బి టైపు సిలిండర్‌లో దాదాపు 1500 లీటర్లు పడుతుంది. 12 లీటర్ల చొప్పున పావుగంటకు 180 లీటర్లు పోతాయి, అంటే ఎనిమిది దాడులకు ఒక సిలిండర్. నాకు రాత్రికి ఒకటో రెండో కాబట్టి గడుస్తుంది. రోజుకు అయిదారు వచ్చేవాళ్లయితే పెద్ద సిలిండరే చూసుకోవాలి.

మాది కింది పోర్షన్, డీలర్ మడికొండ వైపే ఉంటాడు, ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా తెస్తాడు. లిఫ్టు లేని మూడో అంతస్తులోనో, రీఫిల్ దొరకని ఊళ్లోనో ఉంటే కొనమని ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ని కాదు. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు డాక్టర్ను అడక్కుండా దీని జోలికే పోవద్దు. ఇంట్లో బీడీ, సిగరెట్ కాల్చేవాళ్లుంటే ముందు ఆ సంగతి తేల్చుకుని తర్వాత సిలిండర్ తెచ్చుకోండి.