మూడేళ్ళుగా మా కిటికీలో ఉన్న గాలి మీటరు

మూడేళ్ళ క్రితం నవంబరులో మా మామగారికి ఆయాసం ఎక్కువై, వరసగా రెండు వారాలు నెబులైజరు పెట్టవలసి వచ్చినప్పుడు, తొమ్మిది వేల రూపాయలకు దగ్గరగా పోసి ఈ గాలి మీటరు కొన్నాము. మేముండేది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురాలో. 1956 దాకా ఇది హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లా తాలూకా కాబట్టి మా వీధిలో ఇప్పటికీ సగం ఇళ్ళలో తెలుగే వినిపిస్తుంది. చుట్టూ బొగ్గు గనులు, సిమెంటు కర్మాగారాలు, చంద్రపూర్ దగ్గర 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాల కాలుష్యానికి మార్కులు వేసినప్పుడు చంద్రపూర్ 83.88 మార్కులతో పైనుంచి నాలుగో స్థానంలో నిలిచింది. ఇక్కడి గాలి మంచిది కాదన్న సంగతి అందరికీ తెలిసిందే; ఏ గంటలో ఎంత చెడ్డదో తెలిస్తే మామగారిని ఇంట్లో ఉంచవచ్చునన్నదే మా ఆలోచన.

ఈ మీటరు లోపల ఒక చిన్న ఫ్యాను, ఒక లేజరు, ఒక కాంతి గ్రాహకం ఉంటాయి. ఫ్యాను లాగిన గాలిలోని కణాలు లేజరు కిరణాన్ని దాటేటప్పుడు కాంతిని చెదరగొడతాయి. ఆ చెదిరిన కాంతి మెరుపులను బట్టి కణాల సంఖ్యను, పరిమాణాన్ని అంచనా వేసి, కణాల సాంద్రత ఇంత ఉంటుందని ముందే అనుకున్న లెక్కతో ఘనపు మీటరు గాలికి ఇన్ని మైక్రోగ్రాములని చూపిస్తుంది. అంటే ఇది దేన్నీ తూచదు. ఈ ఒక్క విషయం అర్థం కావడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది; అర్థమయ్యాకే మీటరు నాకు నిజంగా పనికొచ్చింది.

మొదటి వేసవిలోనే అనుమానం మొదలైంది. మే నెలలో ఇక్కడ ఎండ 46, 47 డిగ్రీలకు చేరుతుంది. బొగ్గు లారీలు పోయే బాటకు మా ఇల్లు రెండు వీధుల అవతలే. ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచి, అత్తమ్మ అప్పుడే తుడిచిన గడప మీద వేలితో గీస్తే నల్లని గీత పడేంత దుమ్ము పేరుకుంది. మీటరులో మాత్రం 31 కనిపిస్తోంది. "ఏంది బిడ్డా, కండ్లల్ల దుమ్ము పడ్తుంటే ఇది ముప్పై ఒకటే అంటది?" అని అత్తమ్మ అడిగితే, యంత్రం చెప్పిందే సరైనదని నేను వాదించాను. ఆమె మాటే నిజం. తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది; మీటరు చూపే పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లకు మించని కణాలు, పీఎం 10 అంటే పది మైక్రాన్ల దాకా ఉండేవి. లారీ చక్రాల కింద లేచే బొగ్గు ధూళి, మట్టి, విద్యుత్ కేంద్రపు బూడిద చెరువు నుంచి ఎగిరే బూడిద చాలావరకు పెద్ద కణాలే. ఈ చిన్న ఫ్యాను వాటిని సరిగా లోపలికి లాగలేదు, లేజరు వాటిని సరిగా లెక్కపెట్టలేదు. తెర మీద పీఎం 10 అని కనిపించే అంకె కూడా చాలావరకు సన్నని కణాలను బట్టి కట్టిన ఊహే. బొగ్గు ధూళి కోసం ఈ మీటరు కొనదలచిన వారు కొనవద్దని గట్టిగా చెబుతాను.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అనుభవం మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎదురైంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింది ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు ఈ అడవి ప్రాంతంలో ఉంది. రాత్రి రెండింటికి వీధిలో ఒక్క బండి కూడా లేని వేళ, మా ముక్కుకు ఏ వాసనా తగలకముందే, మీటరు 40 నుంచి 95కు ఎక్కింది. పొగ కణాలు మైక్రానులో భాగమంత సన్నగా ఉండి, పడిపోకుండా చాలా దూరం ప్రయాణిస్తాయి; లేజరుకు బాగా కనిపించేవి అవే. కంటికి కనిపించే దుమ్మును వదిలేసి, కనిపించని పొగను పట్టుకోవడమే ఈ యంత్రం తీరు. ఊపిరితిత్తుల లోతుకు దిగేవి ఆ సన్నని కణాలే కాబట్టి ఈ గుణానికి నేను విలువ ఇస్తాను.

అసలు ప్రయోజనం, గంట గంట అంకెలతో మీటరు యాప్ గీసే చలికాలపు గీతలో కనిపించింది. సాయంత్రం ఆరు దాటాక బొగ్గు సిగిడీలు (కుంపట్లు) వాకిళ్ళలో వెలుగుతాయి, ఎనిమిదింటికి గీత ఒక గుట్టలా లేస్తుంది. వంటలు ముగిశాక అది దిగిపోవాలి కదా అనుకుంటే దిగదు, తెల్లవారేదాకా ఎత్తుగానే సాగుతుంది. ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేల తన వేడిని త్వరగా వదిలేసి, తనను ఆనుకున్న గాలిని చల్లబరుస్తుంది. కింద చల్లని గాలి, పైన వెచ్చని గాలి ఉంటే కిందిది పైకి లేవదు. కుండ మీద మూత పెట్టినట్టు పొగ అక్కడే నిలిచిపోతుంది. ఎండ కాసే మధ్యాహ్నం కిలోమీటరుకు పైగా ఎత్తు వరకు కలిసిపోయే గాలి, అటువంటి రాత్రి వంద, రెండు వందల మీటర్ల పొరలోనే కలియబెట్టుకుంటుంది. ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య గీత మరొక్కసారి కొద్దిగా లేవడం చాలా రోజులు గమనించాను. నేల వేడెక్కి ఆ పొర విచ్చుకునేటప్పుడు, రాత్రంతా పైన నిలిచిన పొడుగు చిమ్నీల పొగ కిందికి కలిసి రావడం దీనికి కారణమని అనుకుంటున్నాను. పదిన్నరకు గీత పడిపోతుంది. మామగారు నలభై ఏళ్ళుగా ఉదయం ఐదున్నరకు నడకకు వెళ్ళేవారు. మంచి గాలి అనుకుని ఆయన పీల్చింది రోజంతటిలోకీ చెడ్డ గాలి.

చలికాలపు అంకెలను ఉన్నవి ఉన్నట్టు నమ్మకూడదు కూడా. మా ఆడపడుచు ఇల్లు చంద్రపూర్‌లో ప్రభుత్వ కొలత కేంద్రానికి కిలోమీటరులోపే ఉంది. రెండో శీతాకాలంలో మీటరును పది రోజులు అక్కడ ఉంచి, ఆ కేంద్రం ప్రకటించే అంకెలతో గంట గంటకూ సరిచూశాను. పొడి మధ్యాహ్నాల్లో రెండూ దగ్గరగానే ఉన్నాయి. మంచు కురిసిన ఉదయాల్లో మాత్రం నా మీటరు దాదాపు రెట్టింపు చూపించింది. బొగ్గు మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడు వాయువు గాలిలో క్రమంగా సల్ఫేటుగా మారి, అమోనియాతో కలిసి సన్నని కణాలవుతుంది. గాలిలో తేమ 80 శాతం దాటే సరికి ఆ కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన కణం ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది, మీటరు ఆ నీటిని కూడా ధూళి కింద లెక్కవేస్తుంది.

ప్రభుత్వ కేంద్రాల్లో సాధారణంగా ఉండే యంత్రం లోపలికి వచ్చే గాలిని ముందు వేడిచేసి తేమ తగ్గిస్తుంది, కణాలను ఫిల్టరు టేపు మీద పట్టి, బీటా కిరణాలు ఆ టేపును దాటేటప్పుడు ఎంత తగ్గాయో చూసి బరువు కడుతుంది. దానికంటే పాత పద్ధతిలో ఫిల్టరు కాగితాన్ని ముందూ తరువాతా తూకం వేస్తారు: నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున 24 గంటలు లాగితే 24 ఘనపు మీటర్ల గాలి అవుతుంది, మన దేశపు రోజువారీ పరిమితి అయిన 60 మైక్రోగ్రాముల దగ్గర ఆ కాగితం మీద చేరే ధూళి 1.44 మిల్లీగ్రాములే. అంత చిన్న బరువును నిజంగా తూచే పనికీ, నా కిటికీలోని పెట్టె వేసే అంచనాకూ ఉన్న దూరం నాకు అప్పుడే బోధపడింది.

అయినా ఒక మాట మీటరు పక్షాన చెప్పాలి. వార్ధా నది వంతెన మీద నుంచి డిసెంబరు ఉదయం ఏడింటికి చూస్తే ఎదుటి గట్టు చెట్లు తెల్లని మసకలో కలిసిపోయి ఉంటాయి, పదకొండింటికి విడివిడిగా తేరుకుంటాయి. ఆ మసక కూడా నీరు పీల్చి ఉబ్బిన కణాలు కాంతిని చెదరగొట్టడం వల్లనే ఏర్పడుతుంది. కాబట్టి పొడి బరువు విషయంలో మీటరు తప్పినా, కన్ను చూసే మసకను మాత్రం సరిగానే కొలుస్తోంది. వాయువులు దీనికి అసలు తెలియవు. సిగిడీ రాజుకునేటప్పుడు గంధకపు ఘాటుకు గొంతు మంట పుట్టినా అంకె దాన్ని చెప్పదు.

కొన్న కొత్తలో మమ్మల్ని బాగా భయపెట్టింది రంగు. మా మీటరు యాప్ అమెరికా గాలి నాణ్యత సూచీతో వచ్చింది. 60 మైక్రోగ్రాముల గాలికి ఆ సూచీ 150 దాటి ఎర్రగా వెలుగుతుంది, మన సూచీలో అదే గాలి 100 దగ్గర 'సంతృప్తికరం' అంచున నిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన రోజువారీ హద్దు 15 మాత్రమే. నేను సూచీని పక్కన పెట్టి మైక్రోగ్రాములనే చూస్తున్నాను.

రెండేళ్ళు దాటాక మీటరు గరగరమని చప్పుడు చేయసాగింది, వానాకాలంలో కూడా 18 కంటే కిందికి దిగడం మానేసింది. తయారీదారుకు మూడుసార్లు రాసినా జవాబు రాలేదు. మరలు విప్పి చూస్తే ఫ్యాను రెక్కల అంచున కాటుకలాంటి మెత్తని పొర పేరుకుని ఉంది. వేలికి అంటితే సబ్బుతో రెండుసార్లు కడిగినా గోటి సందున మిగిలింది. కెమెరాలకు వాడే రబ్బరు బుడ్డితో ఊదిన తరువాత మళ్ళీ 9కి దిగింది. ఇలాంటి సెన్సర్లలో కొన్నింటి లేజరు ఆయుష్షు 8,000 గంటలని రాసి ఉంటుంది, ఆపకుండా నడిపితే అది ఏడాదికి కూడా చాలదు. పది నిమిషాలకు ఒక్క నిమిషమే పనిచేసేలా సెట్టింగు మార్చుకోమని మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది. మరొక జాగ్రత్త: వంటింటి కిటికీలో పెడితే తిరగమోత ఘాటుకే 300 చూపిస్తుంది, వీధి వైపు నీడలో, వానజల్లు పడని చోట పెట్టాలి.

ఇంట్లో ఆయాసం, ఉబ్బసం ఉన్నవారు, పొగ ఏ వేళలో ముసురుతుందో తెలుసుకోవాలనుకునే వారు దీన్ని కొనవచ్చు. తేమ చూపే మీటరైతేనే తీసుకోండి, తేమ 80 దాటినప్పుడు అంకెను సగానికి దగ్గరగా అనుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామగారు ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి నడకకు వెళ్ళి, సిగిడీలు వెలిగేలోపు తిరిగి వస్తారు. పోయిన చలికాలంలో నెబులైజరు నాలుగు రోజులే బయటికి తీశాము. డాక్టరుగారు ఆ ఏడాదే మందు కూడా మార్చారు కాబట్టి, దేనివల్ల ఎంత మేలు జరిగిందో నేను విడదీసి చెప్పలేను. పోయిన నెల కొత్త సెన్సరు తెప్పించాను. పాతదానితో పాటు అదే కిటికీలో పెట్టి రెండింటి అంకెలూ రోజూ రాసుకుంటున్నాను.