వంటగదిలో ఉదయగిరి కర్ర గరిటెలు

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చేతితో చెక్కే కర్ర చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చాలా ఇళ్లలో షోకేసు అద్దం వెనుకే ఉండిపోతాయి. గృహప్రవేశానికో, బదిలీ మీద వెళ్లే అధికారికో వాటిని బహుమతిగా ఇస్తారు. పుచ్చుకున్నవారు పిడి మీది నగిషీని కాసేపు మెచ్చుకుని, పింగాణీ బొమ్మల పక్కన నిలబెడతారు. వంట చేయడం నాకు ఇష్టమైన వ్యాపకం, వంటసామాను ఏరి కొనుక్కోవడం అందులో సగం ఆనందం కాబట్టి నేను వాటిని పొయ్యి దగ్గర వాడడానికే కొన్నాను. ఏడాదికి పైగా పప్పులోనూ పులుసులోనూ ఊరగాయ జాడీలోనూ తిరిగిన తరువాత వాటి గురించి గట్టిగా చెప్పగలిగిన మాట ఒకటుంది: ఇవి పని చేయడానికి పుట్టిన వస్తువులే, కాని ఏది ఏ పనికి పనికొస్తుందో తెలిసి కొనుక్కోవాలి, ఆ సంగతి చెప్పవలసిన అమ్మకందారులలో చాలామంది చెప్పడం లేదు.

రోజూ వంట చేసేవారికి స్టీలు గరిటెతో ఉండే చిన్న చిన్న చిరాకులు తెలిసినవే. మరుగుతున్న గిన్నెలో ఒక్క నిమిషం వదిలితే పిడి చెయ్యి పెట్టనివ్వదు. నాన్‌స్టిక్ బాణలిలో తిప్పితే పూత గీసుకుపోతుంది. మట్టి చట్టిలో అడుగున తగిలినప్పుడల్లా పళ్లు జివ్వుమనే శబ్దం వస్తుంది, అంచుకు గట్టిగా తగిలితే పెచ్చు ఊడుతుంది. ప్లాస్టిక్ గరిటె వీటిని కొంత తప్పించినా, వేడి నూనెలో అంచు మెత్తబడి కరగడం చూసిన తరువాత దానితో తిరగమోత వేయడానికి మనసొప్పదు. కర్ర దగ్గర ఈ ఇబ్బందులేవీ ఉండవు. స్టీలుతో పోలిస్తే కర్ర ఉష్ణాన్ని కొన్ని పదుల రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది కాబట్టి, ఉడుకుతున్న పాయసంలో పావుగంట నిలబెట్టిన తెడ్డును కూడా గుడ్డ లేకుండా పట్టుకోవచ్చు.

ఉదయగిరి నెల్లూరు నగరానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కొండ కింద ఉన్న ఊరు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి 1514లో గెలుచుకున్న దుర్గం ఆ కొండ మీదిదే. అక్కడి నుంచి ఆయన తీసుకువెళ్లిన బాలకృష్ణ విగ్రహం కోసమే హంపిలో కృష్ణాలయం కట్టించాడు. దుర్గం చూడడానికి వెళ్లేవారు కొండ దిగిన తరువాత ఊళ్లోకి కూడా ఒకసారి వెళ్లాలని నా మనవి. చెంచాలు చెక్కే పని అక్కడ ఎక్కువగా ముస్లిం కుటుంబాల ఇళ్లలో జరుగుతుంది, ఆడవారే ముందుండి చేస్తారు. నర్ది, బిక్కి, పాలబరిక, దేవదారి వంటి స్థానిక కర్రలు వాడతారు. రంపంతో కోసి, ఉలితో తొలిచి, ఆకురాయితో రాచి, చివరికి ఉప్పు కాగితంతో నునుపు చేస్తారు. ఈ పనితనానికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా ఉంది. యంత్రం మీద తీసిన చెంచాల్లో ఏ రెండింటికీ తేడా కనిపించదు. ఇక్కడి వాటిలో జతగా కొన్నవి కూడా లోతులో, పిడి వంపులో కొద్దిగా తేడాగా ఉంటాయి. అది నాకు లోపంగా తోచలేదు, ఎందుకంటే వరుసగా చేతిలో పట్టి చూసుకుని నా చేతికి ఒదిగినదాన్ని ఏరుకోగలిగాను.

నేను తెచ్చుకున్నవాటిలో అన్నిటికన్నా ఎక్కువగా అరిగినది, అన్నిటికన్నా తక్కువ అలంకారం ఉన్నది ఒకటే: జానెడున్నర పొడవున్న సాదా తెడ్డు. దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పిడి మూడొంతులు గుండ్రంగా వచ్చి, కింది వంతులో బల్లపరుపుగా వెడల్పవుతుంది. ముందు అంచు కొద్దిగా ఏటవాలుగా పలచబడి ఉంటుంది. ఈ ఏటవాలు అంచు గిన్నె అడుగును, గోడను కలిపే మూలలోకి చక్కగా వెళుతుంది, గుండ్రటి స్టీలు గరిటె అక్కడికి చేరదు. పాలకోవా చేసేటప్పుడు, పచ్చి కొబ్బరి వేయించేటప్పుడు మాడేది ఎప్పుడూ ఆ మూలలోనే. కర్ర రేఖలు పిడి చివరి నుంచి అంచు వరకు తెగకుండా నిలువుగా సాగాయి. కొనేటప్పుడు ముందు చూడవలసింది ఇదే, ఎందుకంటే రేఖలు మెడ దగ్గర అడ్డంగా తిరిగిన గరిటె ఎంత అందంగా ఉన్నా, గట్టి ముద్దను కలిపే రోజున అక్కడే విరుగుతుంది. వాడగా వాడగా ఈ తెడ్డు ఎడమ వైపు అంచు కుడి వైపు కన్నా కొంచెం ఎక్కువ అరిగింది, నేను కలిపే తీరు దాని మీద అచ్చుపడింది. పప్పు మెదపడానికి మాత్రం ఇది సరిపోదు, బరువు చాలదు. ఆ పనికి పప్పుగుత్తి ఉండనే ఉంది.

నెల్లూరు చేపల పులుసు విషయంలో ఈ తెడ్డు పని సగంలో ముగుస్తుంది. ఉల్లిపాయలు వేగేటప్పుడు, చింతపండు పులుసు పోసి కారం కలిపేటప్పుడు మట్టి చట్టిలో దీనికి మించిన సాధనం లేదు. మామిడికాయ ముక్కలు వేసి, చేప ముక్కలు దించిన తరువాత ఇక ఏ గరిటె పెట్టకూడదు. చట్టిని రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పాలి, లేకపోతే ముక్క విరిగి పులుసంతా ముళ్లవుతుంది. వడ్డించేటప్పుడు ముక్కను కింది నుంచి ఎత్తడానికి వెడల్పాటి, అంచు పలచనైన గరిటె కావాలి. ఉదయగిరి గరిటెలలో అంత పలచటి అంచు నాకు కనిపించలేదు. కర్రను అంత పలచన చేస్తే నిలవదు కాబట్టి తప్పు చెక్కినవారిది కాదు. ఇదే కారణం చేత కర్ర అట్లకాడను ఇనప పెనం మీద వాడడాన్ని నేను సిఫారసు చేయను. కారం దోసె మీద ఎర్రకారం పూయడానికి మాత్రం చిన్న కర్ర చెంచా వెనుక భాగం ఎంతో బాగుంటుంది; దోసె చిరగదు, కారం ఒకేచోట ముద్దగా నిలవదు.

ఇక నగిషీ గరిటెల మాట. ఇవి చూడముచ్చటగా ఉంటాయనడంలో నాకు రెండో అభిప్రాయం లేదు. నా దగ్గరున్న పెద్ద వడ్డన గరిటె పిడి మీద తీగ, దాని నుంచి విడివడిన ఆకులు, ఆకుల నడుమ ఆరపార కోసిన జాలీ ఉన్నాయి; వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ప్రతి రంధ్రం అంచు కూడా లోపలి వైపు నునుపు చేసి ఉంది, అంటే ఎవరికీ కనిపించని చోట కూడా ఆ చెయ్యి ఓపిక తగ్గలేదు. అయితే ఆ జాలీలోకి సాంబారు చేరితే తీయడం కష్టం. మొదట్లో పాత టూత్‌బ్రష్‌తో కడిగేదాన్ని. తరువాత దాన్ని పొడి పదార్థాలకే కేటాయించాను. పులిహోర, చక్రపొంగలి, వడియాలు వడ్డించడానికి ఇది అద్భుతంగా పనికొస్తుంది, మెతుకు చిదమదు. ఇంటికి వచ్చినవారు మొదట గరిటె గురించే అడుగుతారు. ఇలాంటివి కొనేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: జాలీ పిడి పైభాగంలో ఉంటే ఫరవాలేదు, చెంచా గుంటకు దగ్గరగా ఉంటే అది రోజువారీ వంటకు పనికిరాదు.

నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన ఉపయోగం ఊరగాయ జాడీ దగ్గర దొరికింది. ఉప్పు, పులుపు కలిసిన చోట నాసిరకం స్టీలు చెంచాకు కూడా మచ్చలు పడతాయి, అల్యూమినియం సంగతి చెప్పనక్కరలేదు. పొడవాటి పిడి ఉన్న చిన్న కర్ర చెంచాను ఆవకాయకు ఒకటి, మాగాయకు ఒకటి, ఉప్పు డబ్బాకు ఒకటి విడివిడిగా ఉంచాను. దీనికి ఉన్న షరతు ఒకటే, చెంచా పూర్తిగా పొడిగా ఉండాలి. కర్ర పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంచుకుంటుంది కాబట్టి కడిగిన రోజున జాడీలో పెట్టకూడదు; మరుసటి రోజు పెట్టాలి. ఈ జాగ్రత్త పాటించినంత కాలం బూజు జాడ కనిపించలేదు.

తినే చెంచాల విషయం త్వరగా తేల్చవచ్చు. వేడి పాయసం, రాగిజావ తాగడానికి హాయిగా ఉంటాయి, పెదవి కాలదు, అందుచేత చిన్నపిల్లలకు మంచివి. ఫోర్కుల పళ్లు మందంగా, మొండిగా ఉంటాయి. పుచ్చకాయ ముక్కకు గుచ్చుకుంటాయి, జామకాయ ముక్కకు గుచ్చుకోవు. జత నిండాలని తప్ప ఫోర్కు కొనడానికి నాకు వేరే కారణం కనిపించడం లేదు.

ఇక నిర్వహణ. చాలామంది కర్ర సామాను వద్దనడానికి కారణం ఇదే గనుక దీన్ని వివరంగా చెప్పడం అవసరం. కొత్త చెంచాను నాలుగైదుసార్లు కడిగేసరికి చేతికి గరుకుగా తగులుతుంది. తడికి కర్ర నార ఉబ్బి పైకి లేస్తుంది. అది పాడైపోవడం కాదు. పూర్తిగా ఆరిన తరువాత 400 నంబరు ఉప్పు కాగితంతో రేఖల వెంట తేలికగా రుద్దితే నునుపు తిరిగి వస్తుంది, రెండు మూడు విడతల తరువాత నార లేవడం దాదాపు ఆగిపోతుంది. పసుపు మరక మరో ఫిర్యాదు. పసుపుకు రంగునిచ్చే పదార్థం వెలుతురుకు విరిగిపోతుంది కాబట్టి ఉదయపు ఎండలో పెడితే మరక తగ్గుతుంది, అయితే మన జిల్లా మే నెల మధ్యాహ్నపు ఎండలో పెడితే మరకతో పాటు చెంచా కూడా నెర్రెలు విచ్చుతుంది. నూనె పట్టించడంలో ఎక్కువ మంది వంటింట్లో చేతికందిన వేరుశనగ నూనె రాస్తారు. అది కర్రలో ఆరదు, కొంతకాలానికి ముక్కిన వాసన వస్తుంది. పచ్చి అవిసె నూనె నెమ్మదిగా గట్టిపడి పొరలా నిలుస్తుంది గనుక అది మేలు; అది దొరకకపోతే కొబ్బరి నూనె కొంత నయం. పెయింటు దుకాణంలో బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ పేరుతో అమ్మేదానిలో త్వరగా ఆరడానికి లోహ సమ్మేళనాలు కలుపుతారు, దాన్ని తినే చెంచాలకు రాయకూడదు. నీళ్లలో నానబెట్టడం, రాత్రంతా సింకులో వదిలేయడం, అంట్లు తోమే యంత్రంలో వేయడం, ఈ మూడూ కర్రకు చేటు.

నాకున్న అసలైన అసంతృప్తి వస్తువుతో కాదు, అమ్మే పద్ధతితో. ఊళ్లో కొన్నవాటికీ, ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర అదే పేరుతో తెప్పించిన జతకూ మధ్య తేడా పెట్టె తెరవగానే తెలిసింది. ఆ జత మీద మెరిసే వార్నిషు పూత ఉంది, వేడి నీళ్లు పోయగానే ఘాటైన వాసన వచ్చింది. ఒక గరిటె మెడ దగ్గర నెర్రె విచ్చి ఉంది. ఏ కర్రతో చేశారో, పొడవెంతో, పూత తినే పదార్థాలకు తగినదో కాదో ఎక్కడా రాసి లేదు. పగుళ్లు చేతిపనిలో సహజమని జవాబు రాశారు. ఆ మాట నేను ఒప్పుకోను. చేతిపనిలో వంపు తేడా సహజం, రంగు తేడా సహజం. పగులు సరిగ్గా ఆరని కర్రను చెక్కడం వల్లనో, సర్దేటప్పుడు అజాగ్రత్త వల్లనో వస్తుంది, దాన్ని చేతిపని ఖాతాలో వేస్తే రోజంతా కూర్చుని చెక్కినవారికే చెడ్డపేరు. ప్రతి జతతో పాటు కర్ర పేరు, పూత వివరం, కడిగే విధానం తెలుగులో రాసిన చిన్న చీటీ పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు.

ధర విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఊళ్లో నేను చిన్న చెంచాకు 40 రూపాయలు, సాదా తెడ్డుకు 120, నగిషీ గరిటెకు 350 ఇచ్చాను. ఆ నగిషీకి పట్టే పని తెలిసినవారెవరూ అక్కడ బేరమాడరు. స్టీలు సామానులా తరతరాలు నిలుస్తాయని చెప్పలేను గాని, రోజూ వాడుతున్న తెడ్డు ఇంకా దృఢంగానే ఉంది.

మొదటిసారి కొనేవారు పెద్ద బహుమతి పెట్టె జోలికి పోకుండా ఒక సాదా తెడ్డు, రెండు జాడీ చెంచాలు తీసుకుంటే చాలు. వాటిని పూత లేనివిగా అడిగి తీసుకుని, ఇంట్లో నూనె పట్టించుకోవాలి. ఈసారి వెళ్లినప్పుడు నేను చెక్కేవారిని అడగదలచుకున్నది లోతైన గుంట ఉన్న పులుసు గరిటె. ఇప్పుడున్నవాటిలో గుంట తక్కువగా ఉండడం వల్ల రసం వడ్డించడానికి మళ్లీ స్టీలు గరిటెనే వెతుక్కోవలసి వస్తోంది.