మూడేళ్లుగా సీమేక్ ప్రీసెట్స్: ఆర్కిటెక్చర్‌కో బిల్డ్ ఫోల్డర్

మా కోడ్ మూడు చోట్ల నడవాలి: ఎక్స్86-64 పీసీ, 64 బిట్ ఆర్మ్ బోర్డు, ఇంకా వదలని ఒక పాత 32 బిట్ ఆర్మ్ బోర్డు. మొదట్లో మూడింటికీ కలిపి ‘బిల్డ్’ అని ఒకటే ఫోల్డర్ ఉండేది. పొద్దున పీసీకి, సాయంత్రం బోర్డుకి అందులోనే సీమేక్‌తో (కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసే పనిని నడిపే టూల్) కాన్ఫిగర్ చేసేవాణ్ణి. కంపైలర్ ఏదో సీమేక్ మొదటిసారే తేల్చుకుని ఆ ఫోల్డర్‌లోని క్యాష్ ఫైల్‌లో రాసేసుకుంటుంది. ఆ తర్వాత వేరే టూల్‌చెయిన్ ఫైల్ (ఏ కంపైలర్ వాడాలో చెప్పేది) ఇచ్చినా లెక్కచెయ్యదు. మీరిచ్చిన వేరియబుల్ వాడలేదని చివర్లో ఒక వార్నింగ్ పడేస్తుంది, అంతే. దాన్ని ఎవరు చదువుతారు? బోర్డులోకి కాపీ చేసి నడిపితే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’. ‘ఫైల్’ కమాండ్‌ని అడిగితే, ఇది ఎక్స్86-64 ది అని తాపీగా చెప్పేది.

కాన్ఫిగర్ సెట్టింగ్‌లకి పేరు పెట్టి ఒక జేసన్ ఫైల్‌లో రాసుకునే ప్రీసెట్స్ సీమేక్ 3.19 వెర్షన్ నుంచి ఉన్నాయి. ఒక హిడెన్ ప్రీసెట్‌లో బిల్డ్ ఫోల్డర్ దారిని ప్రీసెట్ పేరుతో కట్టేశాను. మిగతా మూడూ దాన్నుంచే వారసత్వం తీసుకుంటాయి కాబట్టి ఎవరి ఫోల్డర్ వాళ్లది, ఎవరి క్యాష్ వాళ్లది. డిస్క్ ఎక్కువే తింటుంది, పర్లేదు.

చిరాకు పెట్టేది ఆ జేసన్ ఫైల్‌లోని వెర్షన్ నంబర్. దాన్ని పెంచితే, పాత సీమేక్ ఉన్న మెషీన్ ఆ ఫైల్‌ని మొత్తంగా తిప్పికొడుతుంది. మా బిల్డ్ సర్వర్ దగ్గర ఇది రెండుసార్లు జరిగింది.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది మాత్రం మా సొంత స్క్రిప్టే. పాయింటర్ సైజు (మెమరీ అడ్రస్‌కి ఎన్ని బైట్లో) రాసే ఒక హెడర్ ఫైల్‌ని అది సోర్స్ ఫోల్డర్‌లోనే తయారుచేసేది. ఫోల్డర్లు విడదీశాం కదా అని నేను ధీమాగా ఉన్నాను. పీసీకి బిల్డ్ చేసినప్పుడు అందులో 8 అని పడింది. హెడర్ ఎలాగూ ఉంది కదా అని 32 బిట్ బిల్డ్ దాన్నే వాడేసుకుంది. కంపైల్ అయింది, లింక్ అయింది, బోర్డు మీద క్రాష్ అయింది. రెండు రోజుల టెన్షన్ తర్వాత, 4 ఉండాల్సిన చోట 8 కనిపించింది. బిల్డ్ ఫోల్డర్లు ఎన్ని పెట్టుకున్నా సోర్స్‌లో రాసేవాటిని ప్రీసెట్స్ ఆపలేవు. ఆ హెడర్‌ని బిల్డ్ ఫోల్డర్‌లోకి మార్చాను. సోర్స్‌లో మిగిలిన పాత కాపీని చెరిపేయడం మర్చిపోయి ఇంకో పూట పోగొట్టుకున్నాను, అది వేరే సంగతి.

టూల్‌చెయిన్ మార్చిన రోజు ఫోల్డర్ చెరపక్కర్లేదు, 3.24లో వచ్చిన ‘ఫ్రెష్’ ఆప్షన్ క్యాష్‌ని తీసేసి మళ్లీ కాన్ఫిగర్ చేస్తుంది. ఒకే ఆర్కిటెక్చర్‌కి బిల్డ్ చేసేవాళ్లకి ఇదంతా అనవసరం. రెండో బోర్డు బల్ల మీదికి వచ్చిన రోజే పెట్టేసుకోండి.