క్యోటో స్టేషనులో ఏ వైపు దిగాలి, ఏ వైపు ఉండాలి

క్యోటోలో గడిపిన నాలుగు రోజుల్లో మేము ఏ ఆలయాన్నీ చూడనన్నిసార్లు చూసింది రైల్వే స్టేషనునే. గది తీసుకోవడంలో జరిగిన పొరపాటే అందుకు కారణం. టోక్యో నుంచి బుల్లెట్ రైలులో వచ్చేవారు దిగేది దక్షిణాన హచిజో వైపు. మా బస ఉత్తరాన కరసుమా వైపు. స్టేషను నుంచి ఐదు నిమిషాల నడక అని వసతిగృహం వారు రాశారు గానీ, ఏ ద్వారం నుంచో చెప్పలేదు. రెండో అంతస్తులో రెండు వైపులనూ కలిపే నడవ గుండా పెట్టెలు లాక్కుంటూ వెళ్లి, గది చేరేసరికి అరగంట దాటింది.

1877లో మెయిజీ చక్రవర్తి సమక్షంలో ప్రారంభమైన స్టేషనుకు ఇప్పుడున్నది నాలుగో భవనం. 1914లో కట్టిన రెండో భవనం 1950లో మంటల్లో కాలిపోగా, 1952లో కాంక్రీటుతో మూడోది లేచింది. 794లో రాజధానిగా వెలసిన నగరానికి 1,200 ఏళ్లు నిండిన సందర్భాన్ని పురస్కరించుకుని తలపెట్టిన నేటి భవనాన్ని హిరోషి హారా రూపొందించగా, అది 1997లో తెరుచుకుంది. దగ్గరలోనే ఉన్న తోజీ ఆలయపు ఐదంతస్తుల కొయ్య గోపురం ఎత్తు సుమారు 55 మీటర్లు, ఈ భవనం ఎత్తు 60 మీటర్లు. పాత నగరం రూపు చెడుతుందని అప్పట్లో గట్టి వ్యతిరేకతే వచ్చింది. బయటి నుంచి చూస్తే ఆ మాట కాదనలేము. దాదాపు 470 మీటర్ల పొడవున ఊరికి అడ్డంగా కట్టిన గోడలాగే కనిపిస్తుంది.

లోపలికి వెళ్లాక నా అభిప్రాయం మారింది. మధ్య ఆవరణ రెండు కొండల నడుమ లోయలా ఉంటుంది. పడమటి వైపు 171 మెట్లు పైకప్పు తోట దాకా సాగుతాయి; పక్కనే ఎస్కలేటర్లు ఉన్నాయి కనుక మోకాళ్ల నొప్పులున్నవారు దిగులుపడనక్కరలేదు. సాయంత్రం ఆ మెట్లపై కూర్చోవడానికి టికెట్టు అక్కరలేదు. పదో అంతస్తులోని రామెన్ (పులుసులో వేసిన నూడుల్స్) దుకాణాల వరుస మాత్రం శాకాహారులకు అంతగా పనికిరాదు, చాలా గిన్నెల్లో పులుసు మాంసంతో కాచిందే.

సిటీ బస్సులు ఎక్కువగా వాడేవారు కరసుమా వైపు, బుల్లెట్ రైలులో వచ్చి మర్నాడే వెళ్లిపోయేవారు హచిజో వైపు బస చూసుకోవడం మేలు. ఫుషిమి ఇనారి గుడికి బస్సు అక్కరలేదు, నారా రైలు మార్గంలో రెండో స్టేషనే.

ప్లాట్‌ఫారాల సంఖ్యలు మొదట తికమక పెడతాయి. ప్రధాన ద్వారం దాటగానే సున్నా వస్తుంది, ఆ తరువాత రెండు, ఒకటి లేదు. కన్సాయ్ విమానాశ్రయానికి వెళ్లే హరుకా రైలు 30వ ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతుంది. అది సున్నాకు పడమటి కొనసాగింపే, రెండూ కలిపి 558 మీటర్లు. ఆ సంగతి తెలియక ఆఖరి రోజు రైలుకు ఎనిమిది నిమిషాలే ఉండగా ప్రధాన ద్వారంలో అడుగుపెట్టి, అంత దూరమూ సామానుతో పరుగెత్తాము.