సఖి కేంద్రం: దెబ్బలు కనిపించని హింసకు ఎంతవరకు పనికొస్తుంది?

చంటిబిడ్డతో భర్త ఇల్లు వదిలి రావాలనుకునే తల్లి మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, సాధారణంగా పంపేది జిల్లాలోని సఖి వన్ స్టాప్ సెంటర్‌కే. 2015లో మొదలైన పథకం ఇది. రాత్రైనా వెళ్లొచ్చు, పైసా తీసుకోరు. కౌన్సెలింగ్, లాయరు సలహా, వైద్యం, పోలీసు సాయం, తాత్కాలిక వసతి అన్నీ అక్కడి నుంచే. దెబ్బలు తిని వచ్చిన మనిషి విషయంలో పని చకచకా జరుగుతుంది. సూటిపోటి మాటలు, అనుమానం, చేతికి డబ్బు ఇవ్వకపోవడం లాంటి వాటితో నలిగి వచ్చిన మనిషికైతే, ఏం అడగాలో ముందే తెలిసి ఉండాలి.

అడగాల్సింది డీఐఆర్, అంటే గృహహింస నివేదిక. 2005 గృహహింస చట్టం మూడో సెక్షన్‌లో మాటల హింస, మానసిక హింస, ఆర్థిక హింస స్పష్టంగా ఉన్నాయి. మగపిల్లాణ్ని కనలేదని దెప్పడం కూడా అందులోకే వస్తుంది. ఒంటిమీద గాయం ఉండాలన్న షరతు లేదు.

కేసులు ఎక్కువగా దెబ్బతినేది ఈ నివేదిక దగ్గరే. ‘భర్త వేధిస్తున్నాడు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే మెజిస్ట్రేటుకు పట్టు దొరకదు. తేదీ, అన్న మాట అన్నట్టుగా, పక్కన ఎవరున్నారు, బిడ్డ చూస్తుండగా జరిగిందా, ఇవన్నీ రాయించాలి. మొత్తం చదివాకే సంతకం. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు అసలు ఫోన్‌లోంచి చెరపొద్దు, స్క్రీన్‌షాట్‌లో నంబరు, తేదీ కనిపించాలి.

‘ముందు ఆయన్ని పిలిపించి మాట్లాడదాం’ అన్న మాట కౌన్సెలింగ్‌లో తరచూ వస్తుంది. ఈ సేవలో మాకు నచ్చని భాగం ఇదే. భార్య వెళ్లిపోతోందని తెలిసిన మరుక్షణం అదుపు ఇంకా బిగించే మగవాడి ఎదురుగా ఆమెను కూర్చోబెట్టడం ప్రమాదం. డీఐఆర్ ముందు రాయమని గట్టిగా అడగండి. కలిసి కూర్చోవడం ఇష్టం లేదని చెప్పేయండి.

వసతి మామూలుగా ఐదు రోజులే. ఆ తర్వాత శక్తి సదన్‌కు, అంటే ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం నడిపే వసతి గృహానికి పంపమని మొదటి రోజే అడగాలి. మగపిల్లలకు వయసు పరిమితి ఉంటుంది, బయల్దేరే ముందే ఫోన్‌లో కనుక్కోండి.

కేసు పుట్టింటి ఊళ్లోనూ వేయొచ్చు, ప్రస్తుతం తలదాచుకున్న చోటు చాలు. చట్టం 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయమంటుంది కానీ, ఆచరణలో సాగుతుంది. అందుకే పిటిషన్‌తోపాటే బిడ్డ తాత్కాలిక కస్టడీ, ఖర్చులు, రక్షణ కోరుతూ మధ్యంతర ఉత్తర్వు అడగాలి. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లాయరు ఉచితం, నంబరు 15100.

‘బిడ్డను లాక్కుంటా’ అనే బెదిరింపుకు చాలామంది ఆగిపోతారు. ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని హిందువులకు వర్తించే 1956 చట్టమే చెబుతోంది.

సంచిలో బిడ్డ జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, ఇద్దరి ఆధార్, మీ పాస్‌బుక్, పెళ్లి ఫొటో ఉండాలి. మీ గూగుల్ ఖాతా ఆయన ఫోన్‌లో తెరిచి ఉంటే మీరెక్కడున్నారో తెలిసిపోవచ్చు. 181కి వేరే ఫోన్ నుంచి చేయండి, లొకేషన్ షేరింగ్ ఇల్లు దాటే క్షణంలోనే ఆపండి. ముందే ఆపితే అనుమానం వస్తుంది.